అద్దె రాని మెట్లు

ఆ పొద్దున వాళ్లు లిఫ్టులో వెళ్లారో, మెట్లెక్కి వెళ్లారో ఎవరు గమనించి ఉంటారు? ఐదో అంతస్తుకైతే వెళ్లారు. రాత్రి వాళ్లంతట వాళ్లు దిగి రాలేదు. చేతుల మీద మోసుకొచ్చి దించారు. అది 2023 మార్చి 16, గురువారం. సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులోని స్వప్నలోక్ కాంప్లెక్స్. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. ఒక్కరికీ పాతికేళ్లు నిండలేదు. ఉగాది ఇంకా ఆరు రోజులుంది.

వాళ్ల పేర్లు ఇక్కడ రాయను. ఆ నాలుగు రోజులూ పేపర్లన్నీ రాశాయి, టీవీలన్నీ పలికాయి. ఇప్పుడవి ఇళ్లలోవాళ్లు తలుచుకునే పేర్లు, వాళ్లకే ఉండనిద్దాం.

అందరివీ పక్కపక్క జిల్లాలే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం. ఆ వైపు ఊళ్ల నుంచి సికింద్రాబాద్ ఎంత దగ్గరో అక్కడివాళ్లనడగాలి. గోల్కొండ ఉంది, కృష్ణా ఉంది, శాతవాహన ఉంది. డోర్నకల్ దాటి, కేసముద్రం దాటి, కాజీపేట దాటి రైలు వచ్చి స్టేషన్‌లో ఆగితే చాలు, పట్నంలో కాలు పెట్టినట్టే. చదువైపోయింది, ఇంట్లో ఎన్నాళ్లు కూర్చుంటాను, పోయి ఏదో ఒక పని చూసుకుంటానన్న బిడ్డలను ఏళ్ల తరబడి ఆ రైళ్లే తెచ్చి దింపాయి. చేతిలో ఒక బ్యాగు, లోపల సర్టిఫికెట్ల ఫైలు. హాస్టల్లో ఒక మంచం. నెల తిరిగితే ఇంటికి పంపగలిగినంత. పండక్కి మళ్లీ అదే రైలు. ఈ ఆరుగురూ అలా వచ్చినవాళ్లలోనివాళ్లే. ఆ కాంప్లెక్స్‌లోని ఒక మార్కెటింగ్ కార్యాలయంలో ఫోన్ల ముందు, కంప్యూటర్ల ముందు పని.

స్వప్నలోక్ సికింద్రాబాద్‌కు బాగా ఎరుకైన భవనం. ఎనిమిది అంతస్తులు, వందల దుకాణాలు, ఆఫీసులు. బట్టలకు వచ్చేవాళ్లు, కంప్యూటర్ బాగు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు, ఉద్యోగం అడగడానికి వచ్చేవాళ్లు. ఇలాంటి కాంప్లెక్స్‌లో ప్రతి చదరపు అడుగుకూ ఒక యజమాని ఉంటాడు. ప్రతి షట్టరుకూ ఒక తాళం, ప్రతి తాళానికీ ఒక అద్దె. ఎవరికీ చెందనివి మెట్లొక్కటే. అందరివీ కాబట్టి ఎవరివీ కావు. వాటికి అద్దె రాదు. అద్దె రాని చోటు మన ఊళ్లలో ఖాళీగా ఎంతకాలం ఉంటుంది? ముందు ఒక అట్టపెట్టె వస్తుంది, సాయంత్రం తీసేస్తామంటారు. తరువాత విరిగిన కుర్చీ. ఆ తరువాత మిగిలిపోయిన సరుకు. ఎవరో దొంగల భయంతో చివర ఉన్న తలుపుకు తాళం వేస్తారు, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఏడాది తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. చెడ్డవాళ్లెవరూ లేకుండానే, ఏ ఒక్కరూ ఇంకొకరికి కీడు తలపెట్టకుండానే, ఒక భవనం నిశ్శబ్దంగా ఊపిరి పోగొట్టుకుంటుంది.

ఆ రాత్రి మంటల తరువాత స్వప్నలోక్ గురించి వచ్చిన వార్తలన్నీ ఇవే మాటలు చెప్పాయి. మెట్ల దారుల్లో సామాను. మంటలార్పే ఏర్పాట్లు పని చెయ్యని స్థితి. చదువుతుంటే కోపం రాదు, చెప్పలేని నీరసం వస్తుంది. ఎందుకంటే ఆ మాటలు ఈ ఊరు అంతకు ముందే మూడుసార్లు విని ఉంది. అదీ ఒక్క ఏడాదిలో.

మొదటిసారి బోయిగూడలో. 2022 మార్చి 23, తెల్లవారుజాము. గాంధీ ఆసుపత్రికి కూతవేటు దూరంలో ఒక తుక్కు గోదాం. కింద పాత కాగితాలు, సీసాలు, తీగలు. పైన పన్నెండు మంది బీహారీ కూలీలు నిద్రలో ఉన్నారు. పగలంతా ఏరి, కట్టి, మోసిన తుక్కు మీదే వాళ్ల పడక. కిందికి రావడానికి ఉన్నది ఒకటే మెట్ల దారి. అది దిగేది గోదాంలోకే. గోదాంకు షట్టరు. మంట కింద పుట్టింది. పదకొండు మంది పోయారు. కిటికీలోంచి దూకిన ఒక్కడు బతికాడు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. వాళ్ల శవాలను పెట్టెల్లో పెట్టి పాట్నా విమానమెక్కించిన రోజున మనం అయ్యో అన్నాం. అన్నది నిజం. అయితే అది తుక్కు గోదాం కదా, అక్కడ అలాగే ఉంటుంది అని కూడా మనసులో అనుకున్నాం. మొదటి అవకాశం ఆ అనుకోవడంలో పోయింది.

రెండోసారి అలా అనుకునే వీలు లేదు. 2022 సెప్టెంబర్ 12, సోమవారం రాత్రి. పాస్‌పోర్టు కార్యాలయం దగ్గరి రూబీ హోటల్. భోజనాలు చేసి గదుల్లోకి చేరినవాళ్లు, రేపటి పనికి బట్టలు తీసి పెట్టుకున్నవాళ్లు. విజయవాడ నుంచి, చెన్నై నుంచి, ఢిల్లీ నుంచి పనుల మీద వచ్చిన మనుషులు. హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం. బ్యాటరీలు అంటుకున్నాయి. ఆ పొగ పైకి పోవడానికి దారి వెతుక్కోనక్కర్లేదు, మెట్లున్నాయి. మనుషులు కిందికి రావాల్సిన ఆ ఒక్క దారినే పొగ ముందుగా ఎక్కింది. కొందరు అద్దాలు పగలగొట్టి పైపులు పట్టుకుని దిగారు, కొందరు దూకారు. ఎనిమిది మంది పోయారు. బండ్లు నిలపాల్సిన చోటును బండ్లు అమ్మే చోటు చేస్తే అద్దె వస్తుంది. రెండో మెట్ల దారి కడితే ఒక్కో అంతస్తుకు ఒక గది తగ్గుతుంది. ఆ లెక్క వేసినవాళ్ల బుర్రలో ఈ ఎనిమిది మంది లేరు.

మూడోసారి రాంగోపాల్‌పేట నల్లగుట్టలో, డెక్కన్ నిట్‌వేర్ భవనం. 2023 జనవరి 19. సరుకుతో కిక్కిరిసిన అంతస్తులు గంటల తరబడి మండాయి. పక్కిళ్లవాళ్లను ఖాళీ చేయించారు. గుజరాత్ నుంచి పనికి వచ్చిన ముగ్గురు లోపల ఉండిపోయారు. మంటలు చల్లారాక కూడా లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేనంతగా భవనం వదులైపోయింది. చివరికి దాన్ని కూలగొట్టారు. ఆ ముగ్గురినీ ఒళ్లు పట్టుకుని ఏడ్చే భాగ్యం కూడా వాళ్లవాళ్లకు దక్కలేదు. ఆ నెలలోనే ప్రభుత్వం అగ్నిభద్రత మీద సమీక్ష పెట్టింది. 1999 నాటి అగ్నిమాపక చట్టాన్ని సవరించాలన్న మాట వచ్చింది. ఊళ్లోని కాంప్లెక్సులన్నీ తనిఖీ చెయ్యాలన్న మాటా వచ్చింది. నల్లగుట్ట మంట నుంచి స్వప్నలోక్ రాత్రికి ఎనిమిది వారాలు.

ఎనిమిది వారాలు తక్కువ కాలమేమీ కాదని నాకనిపిస్తుంది. చట్టం మార్చడానికి చాలదేమో. ఒక మెట్ల దారిలోని అట్టపెట్టెలు తీసి కిందికి చేర్చడానికి ఇద్దరు హమాలీలకు ఒక మధ్యాహ్నం చాలు.

మార్చి 16 సాయంత్రం ఏడు దాటింది. దుకాణాలు కట్టేసే వేళ కాలేదు, ఆఫీసులవాళ్లు కొందరు బయలుదేరారు, కొందరు ఇంకాసేపట్లో వెళదామనుకున్నారు. షార్ట్ సర్క్యూట్ అని తరువాత అన్నారు. ఐదో అంతస్తులో మొదలైన మంట పైకి, పక్కలకు పాకింది. కరెంటు పోయింది. వసారాలు నల్లగా నిండిపోయాయి. కింద రోడ్డు మీద జనం, ట్రాఫిక్, ఒకదాని వెనక ఒకటిగా వచ్చిన ఫైరింజన్లు. పైన కిటికీల్లో చిన్న చిన్న వెలుతురులు. సెల్‌ఫోన్ టార్చీలు ఊపుతూ మేమిక్కడున్నామని చూపిస్తున్నారు. ఆ వెలుతురులను రోడ్డు మీదివాళ్లంతా చూశారు. పొడవాటి నిచ్చెన బండి వచ్చి పలువురిని ఒక్కొక్కరిగా దించింది. ప్రతి ఒక్కరూ నేల మీద కాలు పెట్టినప్పుడల్లా జనంలోంచి ఒక ఊపిరి వదిలిన చప్పుడు. అందరూ వచ్చేశారేమోనని ఒకరినొకరు అడిగారు.

అందరూ రాలేదు. ఐదో అంతస్తులో ఒక గదిలో ఆ ఆరుగురూ ఉన్నారు.

తలుపేసుకుని కూర్చుంటే పొగ రాదనుకుని ఉంటారు. తప్పేమీ కాదు, బయట కళ్లు కనిపించని చీకటి ఉన్నప్పుడు ఎవరైనా చేసేది అదే. దారి తెలియని పొగలోకి పరుగెత్తడం కంటే తలుపు వెనక ఆగడం మేలు, ఆ తలుపు పొగను ఆపే తలుపైతే. మామూలు ఆఫీసు గది తలుపుకు కింద సందు ఉంటుంది, పైన ఫాల్స్ సీలింగ్ ఉంటుంది, ఏసీ గొట్టం ఉంటుంది. పొగకు అవన్నీ దారులే. వాళ్లు కాలి చనిపోలేదు. ఊపిరాడక చనిపోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి వస్తుంది, తరువాత మత్తు. లేచి నడవాలని మనసు చెబుతుంది, కాళ్లు వినవు. ఎక్కువ నొప్పి తెలిసి ఉండదని కొందరు వైద్యులు ఓదార్పుగా అంటారు. ఆ మాట పట్టుకుని బతకాల్సిన తల్లులున్నారు కాబట్టి, అది నిజమే అయి ఉండాలని కోరుకుంటాను.

రాత్రి పొద్దుపోయాక సిబ్బంది ఆ గది చేరారు. స్పృహ లేని పిల్లలను మోసుకుని దిగారు. గాంధీకి, ఇంకో ఆసుపత్రికి అంబులెన్సులు పరుగెత్తాయి. డాక్టర్లు గుండె మీద చేతులు పెట్టి ఒత్తారు. ఒక్కొక్కరే పోయారు.

మంట ఎక్కడో పుట్టడం ఎవరి చేతిలోనూ పూర్తిగా ఉండదు. తీగ తెగుతుంది, ప్లగ్గు వేడెక్కుతుంది. కాని మంటకూ మనిషికీ మధ్య ఎంత సమయం ఉండాలన్నది కట్టేవాడి చేతిలో, చూసుకునేవాడి చేతిలో ఉంటుంది. 15 మీటర్లూ అంతకు మించీ ఎత్తున్న భవనానికి కనీసం రెండు మెట్ల దారులుండాలని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. ఒకటి పొగతో నిండినా ఇంకొకటి మిగలాలని దాని ఉద్దేశం. ఆ దారికి గంటల తరబడి మంటకు ఆగే తలుపు ఉండాలి, తోస్తే తెరుచుకోవాలి, వదిలేస్తే తనంతట తనే మూసుకోవాలి. ఎత్తైన భవనాల్లో మెట్ల గదిలోకి ఫ్యాన్లతో గాలి నింపుతూ ఉంటారు, లోపలి ఒత్తిడి ఎక్కువగా ఉంటే పొగ అందులోకి చొరబడలేదు. తలుపు తెరిచి ఇటుక పెట్టి ఆపితే మాత్రం ఇదంతా వృథా. కింద తెరిచి, పైన తెరిచి ఉన్న మెట్ల గది పొగగొట్టమై నిలువునా పొగను పీలుస్తుంది. మనిషి మెట్లు దిగే వేగం కంటే పొగ పైకెక్కే వేగం ఎక్కువ. రూబీలో అదే జరిగింది. ఇవేవీ రహస్యాలు కావు. ఇంజనీరింగ్ కాలేజీ కుర్రవాడికి తెలిసిన విషయాలు.

ప్రపంచం ఈ పాఠాన్ని ఎప్పుడో, ఇంతకంటే ఎక్కువ మంది పిల్లలను ఇచ్చి నేర్చుకుంది. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే చొక్కాల ఫ్యాక్టరీ అంటుకుంది. కుట్టుమిషన్ల ముందు కూర్చున్నవాళ్లలో ఎక్కువ మంది వలస వచ్చిన ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తులో మెట్ల వైపు ఒక తలుపుకు తాళం. పనివాళ్లు గుడ్డ దొంగిలించి పోతారేమోనని యజమానుల జాగ్రత్త. బయటి ఇనుప మెట్లు బరువుకు విరిగాయి. 146 మంది పోయారు. నిప్పుకు తట్టుకునేలా కట్టిన ఆ భవనం మాత్రం నేటికీ నిలబడే ఉంది. ఆ రోజు రోడ్డు మీద నిలబడి, పైనుంచి దూకుతున్న పిల్లలను చూసినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే యువతి ఒకరు. ఆ చూపు ఆమెను వదలలేదు. ఫ్యాక్టరీలను తనిఖీ చేసే కమిషన్‌తో కలిసి పని చేసింది, యజమానుల మీద చట్టాలు తెప్పించింది, ఇరవై రెండేళ్ల తరువాత ఆ దేశానికి కార్మిక మంత్రి అయింది.

స్వప్నలోక్ కింద కూడా ఆ రాత్రి వందలమంది నిలబడి చూశారు. వాళ్లలో ఎవరికో ఆ చూపు అంటుకునే ఉంటుందని ఆశ. ఆశ మాత్రమే.

ఇంకో మనిషిని కూడా తలుచుకోవాలనిపిస్తుంది. రిక్ రెస్కోర్లా. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దక్షిణ టవర్లో మోర్గాన్ స్టాన్లీ కంపెనీకి భద్రతాధికారి. 1993లో అక్కడ బాంబు పేలిన తరువాత, మళ్లీ ఏదో జరుగుతుందని ఆయన మనసు చెప్పింది. ఏటా పలుమార్లు ఉద్యోగులందరినీ లేపి మెట్లు దింపించేవాడు. పెద్ద పెద్ద అధికారులు ఫోను పెట్టి రామని విసుక్కునేవారు. వినేవాడు కాదు. 2001 సెప్టెంబర్ 11న మైకు పట్టుకుని మెట్ల మీద నిలబడి, పాటలు పాడుతూ, భయపడకండని చెబుతూ, దాదాపు 2,700 మందిని కిందికి నడిపించాడు. ఇంకెవరైనా మిగిలారేమోనని మళ్లీ పైకెళ్లాడు. తిరిగి రాలేదు.

మన ఆరుగురినీ ఎవరైనా ఒక్క మధ్యాహ్నం, పని మధ్యలో లేపి, రండమ్మా, ఇటు చివర ఇంకో మెట్ల దారుంది, ఒకసారి దిగి చూద్దాం అని తీసుకెళ్లారా? మన కాంప్లెక్సుల్లో పని చేసినవాళ్లెవరినైనా అడగండి, జవాబు వాళ్ల నవ్వులోనే తెలుస్తుంది. దిగి ఉంటే ఆ దారిలో సామాను వాళ్లకే కనిపించేది. ఇరవై రెండేళ్ల పిల్లలు ఊరుకునే రకం కాదు, ఫోటో తీసి ఎవరికో ఒకరికి పంపేవారు. చీకట్లో కూడా కుడి వైపు ఎన్ని అడుగులో కాళ్లకు గుర్తుండేది. ఇన్ని అవకాశాలు వచ్చి వాళ్ల తలుపు దాకా నడిచి, తట్టకుండానే వెళ్లిపోయాయి.

తెల్లవారకముందే కార్లలో, జీపుల్లో ఊళ్ల నుంచి అమ్మానాన్నలు వచ్చారు. రైలెక్కించి పంపిన బిడ్డను గాంధీ మార్చురీ ముందు వరుసలో నిలబడి అడగాల్సి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఐదు లక్షలు ప్రకటించింది, ప్రధానమంత్రి సహాయనిధి నుంచి రెండు లక్షలు. ఆ తరువాత ఇంకో సంగతి బయటికొచ్చింది. ఆ ఉద్యోగం కోసం పిల్లలు ముందుగా లక్షల్లో డబ్బు కట్టారని కుటుంబాలు చెప్పాయి. అప్పు తెచ్చి కట్టిన ఇళ్లూ ఉన్నాయన్నారు. పోలీసులు దాని మీద వేరే కేసు పెట్టారు. ఆ గదిలో కూర్చునే హక్కుకు కూడా వాళ్లు అద్దె లాంటిదేదో చెల్లించారన్నమాట. అక్కడి నుంచి బయటపడే దారికి మాత్రం ఎవరూ చెల్లించలేదు.

ఆ వారంలోనే శోభకృత్ నామ సంవత్సరం వచ్చింది. ఆరు ఇళ్లలో పచ్చడి కలపలేదు.

తనిఖీలు జరిగాయి, నోటీసులు వెళ్లాయి, కొన్ని చోట్ల మెట్లు నిజంగానే ఖాళీ అయ్యాయి. కొన్నాళ్లు. ఎనిమిది నెలలు కాకుండానే, 2023 నవంబర్ 13న, నాంపల్లి బజార్‌ఘాట్‌లో కాపురాలుండే భవనం కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిది మంది పోయారు. 2025 మే 18, ఆదివారం పొద్దున, చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో పదిహేడు మంది. వాళ్లలో ఎనిమిది మంది పసిపిల్లలు. కింద ముత్యాల దుకాణాలు, పైన కాపురం, మధ్యలో ఒకటే ఇరుకు మెట్ల దారి.